పదమూడుకీ పదిహేడుకీ నడుమ

ఆ సోమవారం పొద్దున బోరిం ఆరో సీసాను గోడకేసి కొట్టింది. అంతకు ముందు ఐదింటినీ బుద్ధిగా చెత్తబుట్టలోనే వేసింది పాపం. ఎవరి ఓపికకైనా ఒక హద్దు ఉంటుంది.

సీసాలో ఉన్నది ఫౌండేషన్. సియోల్‌లో ఏ కొట్టుకు వెళ్ళినా దాన్ని అంకె చెప్పే కొంటారు. ఇరవై ఒకటి అందరిదీ. కాస్త రంగు తక్కువైతే ఇరవై మూడు. తెల్లగా ఉంటే పదిహేడు. మరీ తెల్లగా ఉంటే పదమూడు, అంతకంటే తెలుపుకు ఆ కొట్లలో అంకె లేదు. బోరిం పదమూడు వేసుకుంటే ఎవరో రెండు చెంపలూ వాయించినట్టు గులాబీగా ఉండేది. పదిహేడు వేసుకుంటే కామెర్లు వచ్చినట్టుండేది. ఏమీ వేసుకోకపోతే చూసినవాళ్ళంతా ఒకటే ప్రశ్న అడిగేవారు.

"ఒంట్లో బాగా లేదా?"

ఆ ప్రశ్న వింటేనే ఆమెకు ఒళ్ళు మండేది. పూటకు రెండు గిన్నెల అన్నం తినే మనిషి. ఆదివారం వస్తే ఎక్కడా ఆగకుండా కొండెక్కి దిగే మనిషి. అయినా సబ్‌వేలో డెబ్బై ఏళ్ళ ముసలమ్మ లేచి నిలబడి, కూర్చో తల్లీ అని సీటిచ్చిన రోజు కూడా ఉంది. ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మ వారానికోసారి పోస్టులో సముద్రపు నాచు పంపేది, కూతురికి రక్తం పట్టాలని.

ఇవన్నీ నవ్వుకుని వదిలేయవచ్చు. కానీ బూసాన్‌లోని ఓడల కంపెనీ వాళ్ళు నవ్వలేదు. రేవులో ఓడలెక్కి సరుకు తనిఖీ చేసే ఉద్యోగం. బోరిం రెండేళ్ళలో రెండుసార్లు ఆఖరి ఇంటర్వ్యూ దాకా వెళ్ళింది. రెండుసార్లూ బల్ల అవతలి పెద్దమనుషులు ఆమె ముఖం చూసి ఆ ప్రశ్నే అడిగారు, తుఫానులో నిచ్చెన ఎక్కగలవా అని కూడా అడిగారు. రెండుసార్లూ ఇంటికి పంపేశారు. మూడో ఇంటర్వ్యూ ఈ శుక్రవారం పది గంటలకు. ముఖానికి సరిపడే రంగు మాత్రం ఇంకా దొరకలేదు.

ఇప్పుడు గోడ సంగతి కూడా వచ్చి పడింది. నెలాఖరుకు గది ఖాళీ చెయ్యాలి. ఇల్లుగలావిడ కళ్ళు చాలా చురుకు. బోరిం మరక అంచున గోరంత పెచ్చు గీకి కాగితంలో చుట్టుకుని, వానలో గొడుగు వేసుకుని ఉల్జీరోలోని పెయింటు కొట్ల సందుకు బయలుదేరింది.

ఆమె ఎక్కిన మొదటి కొట్టులో లోపల ఒక పెద్దాయన బార్లీ టీ తాగుతున్నాడు. ముందు ఆయన కొడుకు తేషిక్ ఉన్నాడు. ముప్పై లోపే ఉంటాడు, చెవి మీద నీలం చుక్క ఎండిపోయి ఉంది. అతను పెచ్చు అందుకుని గుమ్మం దాకా వెళ్ళి చూశాడు, తర్వాత వాసన చూశాడు.

"ఇది గోడ రంగు కాదండీ. ఫౌండేషన్."

"చెయ్యి జారింది," అంది బోరిం.

"గోడ దాకా జారిందా?"

ఆమె గొడుగు మీది నీళ్ళు దులిపింది. అతను పెచ్చు తిరగేశాడు. అసలు గోడ రంగు అటువైపుంది. తెలుపులో ఒక చుక్క నలుపు, రెండు చుక్కల పసుపుమట్టి, పుల్లతో కలిపి, అట్టముక్క మీద రాసి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, దాని మీద పెచ్చు పెట్టాడు. పెచ్చు మాయమైపోయింది. ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తే తప్ప తెలియలేదు.

బోరిం అట్టముక్కను కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. సిగ్గు పక్కన పెట్టి, నా ముఖానికి కూడా ఇలా చెప్పగలరా అని అడిగింది. పెయింటు పుయ్యమని కాదు, ఏ రంగు కలపాలో చెప్పమని. తేషిక్ ఆమె ముఖంలోకి చూశాడు. కొంచెం ఎక్కువసేపే చూశాడు.

"మీలో ఆకుపచ్చ ఉందండీ."

"ఏమిటి?"

"చర్మం అడుగున. కొంచెమే."

"ఇన్నాళ్ళూ నన్ను ముల్లంగి అన్నారు. మీరు దానికి ఆకులు కూడా తగిలించారు," అంటూ ఆమె పర్సులోంచి ఒక కార్డు తీసి కౌంటర్ మీద పెట్టింది. నాలుగేళ్ళ కిందట ఒక స్టూడియోలో ముఖం పక్కన నలభై రంగుల గుడ్డలు పట్టి చూసి ఇచ్చిన కార్డు. చర్మం లోపలి ఛాయ గులాబీ, కూల్ టోన్ అని అచ్చు వేసి ఉంది. దాన్ని నమ్మి ఆమె చొక్కాలు, లిప్‌స్టిక్‌లు, ఆఖరికి గొడుగు కూడా గులాబీవే కొంది.

"కార్డుల సంగతి నాకు తెలియదు. గోడల సంగతి తెలుసు," అన్నాడు తేషిక్.

బోరిం డబ్బా అందుకుని విసవిసా వెళ్ళిపోయింది. సాయంత్రం గోడకు ఆ రంగు వేసింది. మర్నాడు పొద్దున లేచి చూస్తే మరక ఎక్కడుండేదో ఆమెకే గుర్తు తెలియలేదు. అరచేత్తో గోడంతా తడిమి చూసింది. కాసేపు మంచం అంచున కూర్చుని, గులాబీ గొడుగు తీసుకుని మళ్ళీ ఉల్జీరో వెళ్ళింది.

తేషిక్ గెలిచినట్టు ముఖం పెట్టలేదు. అది ఆమెకు నచ్చింది. ట్యూబ్‌లైటు కింద చర్మం రంగు తేల్చకూడదని, పగటి వెలుతురు కావాలని చెప్పాడు. బయట నాలుగు రోజులుగా ముసురు. సందంతా మధ్యాహ్నమే సాయంత్రంలా ఉంది.

"ఎండ ఎప్పుడొస్తుంది?"

"అది మా కొట్లో దొరకదండీ."

ఫోను చూస్తే శనివారం దాకా వానే అంది. ఇంటర్వ్యూ శుక్రవారం. బోరిం గుమ్మం దగ్గర బోర్లించిన డబ్బా మీద కూర్చుంది, లేచింది, ఆకాశం చూసింది, మళ్ళీ కూర్చుంది. కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే పెద్దాయన ఒక మాటైనా అనకుండా ఒక కప్పు టీ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళాడు.

ఊరికే కూర్చోలేక ఆమె ఉద్యోగం గురించి చెప్పింది. ఓడల పేర్లు, రేవు లోతు, తాను కంఠతా పట్టిన తుఫానుల సంకేతాలు అన్నీ చెప్పింది. వస్తే వెంటనే బూసాన్ వెళ్ళిపోవాలని కూడా చెప్పింది. తేషిక్ చేతిలో పుల్ల ఆగింది.

"బూసానా?"

"రేవు అక్కడే కదా."

"అవును. రేవు ఇక్కడికి రాదు," అన్నాడతను. తర్వాత ఎర్ర డబ్బాలో పెట్టిన పుల్లను పొరపాటున తెల్ల డబ్బాలో ముంచి, వాళ్ళ నాన్న చేత చూపుతోనే చీవాట్లు తిన్నాడు.

బుధవారం కూడా వానే. ఆ రోజు బోరిం పదమూడు, పదిహేడు సీసాలు కొత్తవి కొని, చర్మం మీది ఎరుపు అణచడానికి రాసుకునే ఆకుపచ్చ క్రీము కూడా పట్టుకుని వచ్చింది. ఆకుపచ్చ ఉందంటే ఇంకా కోపమే గానీ, తీసుకురావడం మాత్రం మరిచిపోలేదు. తేషిక్ ఆమె కౌంటర్ మీదే వదిలేసిన ఆ కార్డును తిప్పి తిప్పి చూస్తూ, ఆ రోజు స్టూడియోకు వెళ్ళే ముందు ఏం చేశారని అడిగాడు. గోడకు రంగు వేసే ముందు మేస్త్రీలు అడిగే ప్రశ్న అది.

"ఏం చేస్తాను? శుభ్రంగా ఉంటే సరిగ్గా చెబుతారని బాత్‌హౌస్‌కు వెళ్ళాను. వేడి నీళ్ళలో నాని, ఒళ్ళంతా రుద్దించుకున్నాను."

"ముఖం కూడానా?"

"ముఖం కోసమే కదా వెళ్ళింది."

లోపలి నుంచి వింత శబ్దం వచ్చింది. పెద్దాయన నవ్వుతున్నాడు. మూడు రోజుల్లో మొదటిసారి ఆయన గొంతు విప్పాడు.

"తడి గోడ మీద రంగు చూడకూడదమ్మా."

బోరింకు అప్పుడు వెలిగింది. గట్టి బట్టతో రుద్దితే ఆమెకు పూటంతా ఎరుపు దిగదు. స్టూడియో ఆవిడ చూసింది ఆ ఎరుపునే.

"అంటే నాలుగేళ్ళుగా నేను ఆ రుద్దిన మనిషి చేతి బలం ముఖానికి పూసుకుని తిరుగుతున్నానన్నమాట."

అని తానే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఆ రెండు ఇంటర్వ్యూలూ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. తేషిక్ ఏం చెయ్యాలో తోచక చేతికందిన గుడ్డ ఇచ్చాడు. దానికి ఆకుపచ్చ రంగు అంటి ఉంది. ఇద్దరూ దాన్ని చూసుకుని ఈసారి కలిసి నవ్వారు.

గురువారం మధ్యాహ్నం రెండూ ఇరవైకి, ముందు రోజు కొట్లో రాసిచ్చిన నంబరుకు ఫోను వచ్చింది.

"ఎండ వచ్చింది. పరిగెత్తండి," అన్నాడు తేషిక్. ఇంకేమీ అనలేదు.

బోరిం ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరిగెత్తింది. రెండు స్టేషన్ల దూరం ఆమెకు ఇరవై స్టేషన్లలా అనిపించింది. చేరేసరికి అతను గుమ్మం బయట స్టూలు వేసి, తెల్ల టైలు ముక్క మీద మూడు మిశ్రమాలు సిద్ధం చేసి, మేఘాల వంక అప్పులవాడిని చూసినట్టు చూస్తున్నాడు. దవడ పక్కన మీరే పెట్టుకోండి అని పుల్ల ఆమె చేతికిచ్చాడు. అతని చేతులు ఆ రోజు శుభ్రంగా కడిగి ఉన్నాయి.

మొదటిది బూడిదలా తేలింది. రెండోది ఇంకా పసుపే. మూడోది పదమూడు ఎక్కువ, పదిహేడు కొంచెం, ఆకుపచ్చ క్రీము అగ్గిపుల్ల తలంత. పెట్టుకుంది. ఆరేదాకా మాట్లాడవద్దన్నాడు. ఎదురెదురుగా అలా నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం తప్ప వేరే పని లేదు. చూసుకున్నారు.

"ఎక్కడ పెట్టారు?" అన్నాడు చివరికి.

"మీ ముందే కదా పెట్టాను."

"చూశాను. ఇప్పుడు కనబడటం లేదు."

బోరిం అద్దం లాక్కుంది. గులాబీ లేదు, కామెర్లు లేవు. తన ముఖమే, రాత్రి బాగా నిద్రపోయి లేచినట్టు ఉంది. దవడను అటూ ఇటూ తిప్పి మళ్ళీ మళ్ళీ చూసుకుంది. మబ్బు మళ్ళీ మూసుకుంది. తేషిక్ ఆ మిశ్రమాన్ని చిన్న సీసాలో పోసి, మూడు వారాలకు మించి ఉంచితే చెడిపోతుందని చెప్పాడు. అంత బాగా కుదిరిన పనిని అంత దిగులుగా అప్పగించిన మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు.

శుక్రవారం కంపెనీ సియోల్ ఆఫీసులో జరిగిన ఇంటర్వ్యూలో ఐదుగురు ఉన్నారు. సరుకు బరువులు అడిగారు, గాలివాటం అడిగారు, చైనా భాష వచ్చా అని అడిగారు. ఒంట్లో బాగా లేదా అన్న ఆ పాత ప్రశ్న కోసం బోరిం బల్ల కింద పిడికిలి బిగించుకుని కూర్చుంది. ఎవరూ అడగలేదు. ఆఖరున ఒకాయన, ఎప్పటి నుంచి చేరగలరని మాత్రం అడిగాడు.

బయటికి రాగానే ఉల్జీరో బస్సెక్కింది. ఒక స్టాపు ముందే దిగిపోయింది. ఏం చెప్పాలి? ఉద్యోగం వస్తే వెళ్ళిపోతుంది. రాకపోతే ఏ ముఖం పెట్టుకుని వస్తుంది? ఇంటికి వెళ్ళింది. శనివారం రెండుసార్లు చెప్పులేసుకుని రెండుసార్లూ విప్పేసింది. ఆదివారం కొండెక్కకుండానే తిరిగి వచ్చేసింది. గెలవాలని రెండేళ్ళు మొక్కుకున్న మనిషికి, గెలుస్తానేమోనని నిద్ర పట్టలేదు. తనకు ఆ తేషిక్ కావాలని, అదే ఈ తిప్పలన్నిటికీ మూలమని సోమవారానికి ఒప్పుకుంది.

మంగళవారం పదకొండుకు ఫలితం వచ్చింది. ఉద్యోగం వచ్చింది. వచ్చే సోమవారం చేరాలి.

ఈసారి ఆమె ఏ స్టాపులోనూ ముందుగా దిగలేదు. కొట్టు గుమ్మంలో అడుగు పెట్టేసరికి కౌంటర్ వెనక తేషిక్ సున్నం కొట్టిన గోడలా ఉన్నాడు. కళ్ళ కింద నీడలు. చెప్పాలనుకున్నదంతా మరిచిపోయి, ఆమె నోటి నుంచి ఆ మాటే వచ్చింది.

"ఒంట్లో బాగా లేదా?"

అని నాలుక కరుచుకుంది.

"శుక్రవారం నుంచి లేదు," అన్నాడతను నిజాయితీగా. "వచ్చిందా?"

"వచ్చింది."

అతను నవ్వబోయాడు, సగంలో ఆగిపోయాడు. లోపలి నుంచి పెద్దాయన లేచి వచ్చి, తేషిక్ తాను కలిపిన ప్రతి రంగుకూ లెక్క రాసుకునే దళసరి నోట్‌బుక్కును ఆమె ముందు తెరిచి పెట్టాడు. "వీడు చెప్పడు. నువ్వే చదువుకో అమ్మా."

వద్దు నాన్నా అంటూ తేషిక్ చెయ్యి అడ్డం పెట్టబోయాడు. పెద్దాయన ఆ చేతిని తోసేశాడు.

సోమవారం. వాన, ట్యూబ్‌లైటు. కోపం. చెంపల మీద ఎరుపు అర చుక్క.

మంగళవారం. వాన. ఓడల గురించి చెప్పేటప్పుడు పసుపు పెరుగుతోంది. బూసాన్ అంది.

బుధవారం. వాన. నవ్వింది. ఎరుపు చెవుల దాకా. ఇది ఏ సీసాలోనూ దొరకదు.

గురువారం. ఎండ, ఆమె వచ్చాక పదిహేడు నిమిషాలు. కుదిరింది. కుదరకపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. తప్పు.

శుక్రవారం. రాలేదు.

శనివారం. రాలేదు.

ఆదివారం కొట్టు మూసి ఉన్నా రాశాడు, రాలేదని. సోమవారం కూడా అదే.

ఆరు సీసాలు, ఒక కార్డు, రెండు ఇంటర్వ్యూలు. ఇంతవరకూ అందరూ ఆమె ముఖం చూసి జబ్బే అనుకున్నారు. ఇతనొక్కడే రోజుకో రంగు చూశాడు. బోరిం నోట్‌బుక్కును తనవైపు లాక్కుంది. కౌంటర్ మీది పెన్ను తీసుకుని కింది ఖాళీ గీతలో తానే రాసింది. శనివారం. బూసాన్. సముద్రపు ఎండ. పక్కన ఏ రంగు ఎన్ని చుక్కలో రాసే చోట ఖాళీ వదిలి, నోట్‌బుక్కు అతనివైపు తిప్పింది.

"అక్కడి వెలుతురు వేరు. సీసా మూడు వారాలకు మించి ఉండదని మీరే అన్నారు."

"అన్నాను."

"మీరు చూసి కలిపితేనే నాకు సరిపోతుంది. నేను సీసా కోసమే అంటున్నాననుకుంటే మాత్రం మీరు గోడల పని చూసుకోవడమే మంచిది."

తేషిక్ ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. ముందు చెవులు, తర్వాత మెడ. బోరిం ఏ లెక్కా రాసుకోకుండా దాన్ని తీరిగ్గా చూసింది.

"శనివారం మొదటి రైలుకు వస్తాను," అన్నాడతను. "ప్రతి శనివారం."

పెద్దాయన మూడో కప్పులో టీ పోసి కౌంటర్ మీద పెట్టాడు. శనివారాలు కొట్టు తాను చూసుకుంటానని చెప్పి, ఆరిపోతున్న పెయింటు డబ్బాకు మూత పెట్టి లోపలికి వెళ్ళాడు.