గూని కోటు

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో రెండు మోతలు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి నాన్న పెట్టే పాత సినిమా, రెండోది అమ్మ కుట్టుమిషను. ముందుగది నిండా కుట్టాల్సిన కోట్లు వేలాడుతుంటాయి. నాన్న కత్తిరిస్తాడు, అమ్మ కుడుతుంది. మూలనున్న చిన్న టీవీలో, కూతురు పుట్టకముందెప్పుడో తీసిన ఆ నలుపు తెలుపు బొమ్మ నడుస్తుంటుంది.

ఊరూరా తిరిగి బ్లూస్ అనే దిగులు పాటలు వాయించే ఒక గిటారు మనిషి కథ అది. కథ అంతంతమాత్రమే. కానీ ఆఖరి రైలు తప్పిపోయాక అతను ప్లాట్‌ఫారం మీద పెట్టె వేసుకుని కూర్చుని వాయించే ఘట్టం ఉందే, దానికి రాళ్ళయినా కరగాల్సిందే. వేలితో తీగను పక్కకు లాగితే అది మనిషిలా మూలుగుతుంది. అంత ఏడుపులోనూ మధ్యలో ఒక కొంటె నవ్వు నవ్వుతుంది. కూతురు గిటారు పట్టింది ఆ చేతులను చూసే.

"అదిగో, మన హీరోగారి గూని వచ్చేసింది," అన్నాడు నాన్న.

ఆ ఘట్టంలో హీరో వీపు ఎందుకో ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. వారం వారం నాన్న ఆ మాట అనాల్సిందే, అమ్మ తల ఎత్తకుండా మిషను ఇంకా జోరుగా తొక్కాల్సిందే.

ఆ సాయంత్రం కూతురికి ఒక బ్యాండువాళ్ళ దగ్గర పరీక్ష. కిందటిసారి ఇదే పాట వాయిస్తే, ప్రతి వరసకూ ముందు తాళం తప్పుతోందని పంపించేశారు. హీరో ప్రతి వరసకూ ముందు కుడిచేతి చిటికెన వేలు చాచి, గిటారు కన్నం అంచును మెల్లగా తాకుతాడు. అది మహానుభావుల పద్ధతి, వాద్యానికి దణ్ణం పెట్టుకోవడం అని కూతురు అందరికీ చెబుతుంది. ఆ దణ్ణం అయ్యేలోపే తాళం చేజారిపోతోంది. ఈసారీ పోతే మళ్ళీ పిలవరు.

"అమ్మా, కాసేపు ఆ మిషను ఆపవా? పాట వినపడటం లేదు."

"వినపడకపోతేనే మంచిది. రేపటికి ఈ కోట్లు ఇవ్వాలి. నువ్వూ వచ్చి బొత్తాలు కుట్టు."

"సాయంత్రం పరీక్ష ఉందని చెప్పానుగా."

"వెళ్ళొద్దని నేనూ చెప్పానుగా. ఒకసారి కాదన్నవాళ్ళ గుమ్మం మళ్ళీ తొక్కడమెందుకు? చేతిలో పని ఉంది. నీడపట్టున కూర్చుని చేసుకో."

కూతురికి ఒళ్ళు మండిపోయింది. "జన్మంతా ఎవరి కోట్లకో బొత్తాలు కుట్టే నీకు ఆ చేతుల విలువ ఏం తెలుస్తుందమ్మా?"

మిషను ఆగిపోయింది. నాన్న కత్తెర బల్ల మీద పెట్టేశాడు. నోరు జారానని కూతురికి తెలుస్తూనే ఉంది, కానీ పంతం ఊరుకోనిస్తుందా? గిటారు అందుకుని సినిమాతో పాటు వాయించసాగింది. వేలు చాచింది, తాళం తప్పింది. మళ్ళీ చాచింది, మళ్ళీ తప్పింది.

"ఆ వేలు ముడుచుకో," అంది అమ్మ.

"హీరో అలాగే వాయిస్తాడు."

"వాడు వాయిస్తే కదా." అమ్మ ఇటు తిరిగి కూర్చుంది. "అది దణ్ణమూ కాదు, పద్ధతీ కాదు. నాకు తీగలు కనపడక తడుముకున్నాను."

కూతురు తెల్లమొహం వేసింది. నాన్న నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆ గూని మీ అమ్మేనే. హీరోకి గిటారు పట్టుకోవడం కూడా రాదు. వాడి చేతులు కోటు లోపల దాచేసి, మీ అమ్మను వీపు వెనక కూర్చోబెట్టి, ఇద్దరికీ కలిపి ఒకే కోటు తొడిగారు. బయటికి వచ్చిన చేతులు మీ అమ్మవి. ఆ కోటు కుట్టింది నేను."

"మగవాడి చేతుల్లా ఉండాలని బంకపెట్టి వెంట్రుకలు అంటించారు," అంది అమ్మ. "వారం పాటు ఒకటే దురద. బొమ్మ ఆడాక హీరోకి దండలే దండలు. నా పేరు ఎక్కడా వెయ్యలేదు. అవి నా చేతులంటే జనం నవ్వారు. ఆ నవ్వు నువ్వు పడకూడదనుకున్నాను."

"మరి నాన్నా, నువ్వు వారం వారం ఇది..."

"హీరో కోసం చూస్తున్నాననుకున్నావా? అంత పనిలేనివాణ్ణా నేను?"

కూతురికి దుఃఖం ఆగలేదు. అమ్మ చెయ్యి లాక్కుని చెంపకు ఆనించుకుంది. సూది పోట్లతో గరుకెక్కిన ఆ వేళ్ళనే తను ఇన్నేళ్ళూ తెర మీద చూసి కొలుచుకుంది. వాటి విలువ నీకేం తెలుసని ఎవరిని అడిగిందో తలుచుకుంటే సిగ్గు ముంచుకొచ్చింది.

"తప్పయిందమ్మా. నేను నేర్చుకున్నదంతా నీ దగ్గరే." గిటారు తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టింది.

"వేళ్ళు మొద్దుబారాయే," అంటూనే అమ్మ తీగలు సరిచేసుకుంది. తల పక్కకు వాల్చి, ఎదుట ఎవరి వీపో ఉన్నట్టు కళ్ళు మూసుకుంది. చిటికెన వేలు కన్నం అంచును వెతుక్కుంటూ బయలుదేరింది.

"కళ్ళు తెరువమ్మా," అంది కూతురు. "ఇప్పుడు నీకు అడ్డం ఎవరూ లేరు."

అమ్మ కళ్ళు తెరిచింది. వేలు ముడిచింది. తీగ ఒక్కసారి మూలిగి, కొంటెగా నవ్వింది. ఆ పాట వాయిస్తున్న తన చేతులను ఆమె మొదటిసారి చూసుకుంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నా తాళం మాత్రం తప్పలేదు.

"చూశావా? సాయంత్రం ఇలాగే వాయించు," అంది, ఆపకుండానే. "నేను ముందు వరసలో కూర్చుంటాను."