బొడ్డు దాటిన జీన్స్

"మేడమ్, ఇంకెన్ని తియ్యమంటారు?" ట్రయల్ రూము బయటి నుంచి విసుగ్గా అడిగింది షాపు అమ్మాయి.

లోపల ఆమె గోడకి ఆనుకుని నిలబడి ఉంది. జీన్స్ కాళ్లకి పట్టింది, తొడలకీ పట్టింది. గుండీ పెట్టేసరికి మాత్రం నడుం పట్టీ వెళ్లి సరిగ్గా ఆపరేషన్ కోత మీదే కూర్చుంది. కుట్లు విప్పి నెలలు గడిచినా అక్కడ వేలు తగిలితేనే ఒళ్లు జలదరిస్తోంది. ఇక ఇనుప గుండీ సంగతి చెప్పేదేముంది.

"ఇంకొంచెం పెద్ద సైజు ఇవ్వమ్మా."

"ఇచ్చాను కదా. జారిపోతోందన్నారు."

"జారకూడదు, నొక్కకూడదు."

"అయితే పైజామా కొనుక్కోండి మేడమ్."

పైజామాతో ఆమెకి పని జరగదు. ఆడవాళ్లకి స్కూటర్ నేర్పడం ఆమె ఉద్యోగం. బ్యాలెన్స్ రాని వాళ్ల వెనక సీటు పట్టుకుని పరిగెత్తాలి, పడబోతే కాలు అడ్డం పెట్టాలి. వదులు గుడ్డ చక్రంలో పడిందంటే ఇద్దరూ రోడ్డు మీద ఉంటారు.

ఇంతలో బయట ఒక మగగొంతు వినిపించింది. "సైజు కాదండీ, రైజు మార్చమనండి. అది లోరైజు, ఎన్ని సైజులు మార్చినా అక్కడే నొక్కుతుంది. హైరైజు అయితే బొడ్డు దాటి పైకొస్తుంది."

ఆమె తలుపు జానెడు తెరిచింది. "ఎవరండీ మీరు? నా బొడ్డు సంగతి మీకెందుకు?"

షాపంతా ఇటు తిరిగింది. గ్రీజు మరకల నీలం యూనిఫాంలో పొడుగ్గా ఉన్న ఒకతను, చేతిలో కవరుతో, ఎక్కడ దాక్కోవాలో తెలియనట్టు నిలబడి ఉన్నాడు.

"సారీ అండీ. ఇది వాపసు ఇద్దామని వచ్చాను. వీళ్లు తీసుకోవట్లేదు."

"ఎలా తీసుకుంటాం సార్? గడువు ఎప్పుడో దాటింది. పైగా అంచు మడిచి చేత్తో కుట్టించారు," అంది షాపు అమ్మాయి.

అతను కవరు తలుపు దగ్గర పెట్టి వెనక్కి జరిగాడు. "ఒక్కసారి చూడండి. ఎవరూ వేసుకోలేదు."

అతని మొహాన విసిరికొట్టడానికైనా ఒకసారి వేసుకోవాలనుకుంది. వేసుకుంది. నడుం పట్టీ కోతను దాటి, బొడ్డును దాటి, పైన మెత్తగా కుదురుకుంది. వంగి చూసింది. గొంతుక్కూర్చుని లేచింది. ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటిసారి తన పొట్ట తనకి గుర్తు రాలేదు. ఆ మాట తట్టగానే ఏడుపొచ్చింది. బట్టకోసం ఏడవడమేంటని తిట్టుకుని, మొహం తుడుచుకుని బయటికొచ్చింది.

"ఎవరికోసం కొన్నారు?"

"మా చెల్లెలికి. నచ్చలేదంది." అతను చూపు తిప్పుకున్నాడు. అది ఆమె పొట్ట మీద పెట్టుకున్న చేతి దగ్గర ఆగింది. "మీకేం ఆపరేషన్ అయింది?"

"అపెండిక్స్."

ఆ పరిచయం అలా రెండు అబద్ధాలతో మొదలైంది.

అతను డబ్బు తీసుకోనన్నాడు. ఆమె ఊరికే తీసుకోనంది. చివరికి బదులుగా స్కూటర్ నేర్పమన్నాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. బిల్డింగు నుంచి బిల్డింగుకి బస్సుల్లో తిరుగుతాడు.

"రోజంతా జనాన్ని పైకీ కిందికీ పంపిస్తారు, మీకు ముందుకెళ్లడం రాదా?"

"రాదండీ. ఎవరైనా వెనక నుంచి తోయాలి."

"తోస్తాను. పళ్లు రాలితే నన్ననకండి."

మూతపడ్డ మిల్లు వెనక ఖాళీ స్థలం ఆమె క్లాసు. ప్రతి ఆదివారం వచ్చేవాడు. ఇనుప తాళ్లకి వేలాడుతూ పని చేసే మనిషికి రెండు చక్రాల మీద మాత్రం ప్రాణాలు పోయేవి. "కాళ్లు పైకి పెట్టండి లిఫ్టుగారూ! అది స్కూటరు, పడవ కాదు, తెడ్డేస్తారేంటి?" అని వెనక నుంచి అరుస్తూ ఆమె పరిగెత్తేది. అతను పడేవాడు, లేచేవాడు, మోచెయ్యి దులుపుకుంటూ నవ్వేవాడు. ఒకసారి వాన ముంచుకొస్తే మిల్లు రేకుల కింద నిలబడ్డారు. జల్లు కొడుతుంటే అతను మాట్లాడకుండా ఇటు జరిగి, గాలివైపు తను నిలబడ్డాడు. వీపంతా తడిసిపోయింది. ఆమె చూడనట్టే ఉండి, అంతా చూసింది.

అది జరిగిన రోజు ఇంటికెళ్లి భయంతో కూర్చుంది.

ఆమెకి తీసింది అపెండిక్స్ కాదు. గడ్డ అన్నారు, కోసి చూసి క్యాన్సర్ అన్నారు, అండాశయాలూ గర్భసంచీ అన్నీ తీసేశారు. అప్పటికే ఖాయమైన సంబంధం వాళ్లు పరామర్శకి వచ్చి, ఆమె మొహం చూడకుండా నాన్నతో వరండాలోనే మాట్లాడి వెళ్లిపోయారు. అమ్మ చిన్నప్పుడే పోయింది. అప్పటి నుంచి ఇంట్లో తనూ నాన్నా.

"ఆ అబ్బాయికి చెప్పావా?" అన్నాడు నాన్న.

"చెబితే వెళ్లిపోతాడు నాన్నా."

"చెప్పకపోతే, ఉన్నవాడు ఎవరి దగ్గర ఉన్నట్టమ్మా?"

వచ్చే ఆదివారం చెప్పేయాలనుకుంది. కానీ ఆ ఆదివారం క్లాసు అయ్యాక అతన్ని దింపడానికి వెళుతుంటే, అతని వీధిలోనే టైరు పంక్చరయింది. చినుకులు మొదలయ్యాయి.

"మీ ఇల్లిక్కడే కదా, వాన తగ్గేదాకా కూర్చుంటాను."

"ఇవాళ వద్దు," అన్నాడు గబుక్కున. మొహం పాలిపోయింది.

"ఏం, నన్ను మీ అమ్మగారికి చూపించడానికి సిగ్గా?"

అతను జవాబు వెతుక్కునేలోపే గుమ్మంలోంచి ఒక పెద్దావిడ గొడుగుతో దిగి వచ్చింది. "ఎవర్రా, ఆ పిల్లని వానలో నిలబెట్టావు? లోపలికి రామ్మా..."

మాట అక్కడే ఆగింది. ఆవిడ చూపు ఆమె కాళ్ల దగ్గర నిలిచిపోయింది. గొడుగు పక్కకి ఒరిగింది. ఆవిడ ఆ తడి మెట్టు మీదే కూలబడి, జీన్స్ అంచు చేతిలోకి తీసుకుంది. నీలం గుడ్డ మీద ఆకుపచ్చ దారం.

"ఈ కుట్టు నాది. ఇంట్లో నీలం దారం లేకపోతే దీంతో కుట్టాను. ఎవరమ్మా నువ్వు? నా కూతురి బట్ట నీ ఒంటి మీద ఎందుకుంది?"

"అమ్మా, లే. నేను చెబుతాను, లే."

తెరిచిన తలుపులోంచి గోడ మీద ఫోటో కనిపించింది. తలకి స్కార్ఫ్ కట్టుకున్న అమ్మాయి, నవ్వుతోంది. కనుబొమలు లేవు. ఆ స్కార్ఫ్ ఎందుకో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"నచ్చలేదన్నారు," అంది అతనితో.

"వేసుకోనే లేదు. ఏది వేసుకున్నా నొప్పి అనేది. ఊళ్లో షాపులన్నీ తిరిగి వెతికి తెచ్చాను. అమ్మ అంచు కుట్టింది. వేసుకునే రోజు రాలేదు. ఇంట్లో పెట్టుకోలేకపోయాను, పారేయడానికి చేతులు రాలేదు. అందుకని..."

"ఏం జబ్బు?"

అతను తల దించుకున్నాడు. "మీదే."

"నాది అపెండిక్స్."

"దాని కోత పక్కకి ఉంటుందండీ. మీ చెయ్యి ఎప్పుడూ మధ్యకే పోతుంది. మొదటి రోజే తెలిసింది నాకు."

ఆమె ఇంకేమీ వినలేదు. గాలి లేని స్కూటరు తోసుకుంటూ వానలో ఇంటిదాకా నడిచింది. చచ్చిపోయిన పిల్ల బట్ట తడిసి కాళ్లకి బిగుసుకుంది. తనది అనుకున్న ప్రతి ఆదివారం ఇంకొకరిదని తేలిపోయింది.

అతను ఫోన్ చేస్తే ఎత్తలేదు. జీన్స్ ఉతికి, మడిచి బీరువా అడుగున పెట్టింది. మళ్లీ పైజామాలు తీసింది. ఆ వారంలోనే ఆరునెలల స్కాను. ఆస్పత్రిలో డాక్టరు ఫిల్ము వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది.

"ఒక చోట నీడలా ఉంది. ముక్క తీసి పరీక్షకి పంపుదాం. అప్పుడే కంగారు పడకండి."

కంగారు పడొద్దని చెప్పాకే నాన్న కూర్చోడానికి కుర్చీ వెతుక్కున్నాడు.

ఆదివారం పొద్దున మిల్లు గేటు దగ్గర అతను నిలబడి ఉన్నాడు. గడ్డం మాసింది. ఆమె స్కూటరు స్టాండు వేసి ఎదురుగా వెళ్లింది.

"ఒక్క మాట అడుగుతాను. మీ చెల్లెల్ని దక్కించుకోలేకపోయారు. నన్ను దక్కించుకుని ఆ వెలితి పూడ్చుకుందామనా?"

ఆ దెబ్బ అతనికి గట్టిగానే తగిలింది.

"మొదటి రోజు అంతే కావచ్చు. జారకూడదు, నొక్కకూడదు అని మీరు లోపల్నుంచి అంటుంటే మా చెల్లెలు అన్నట్టే అనిపించింది. కాళ్లు కదలలేదు. కానీ అది నన్ను ఎప్పుడూ తిట్టి ఎరగదు. మీరు కనపడిన క్షణం నుంచి తిడుతూనే ఉన్నారు. రెండో ఆదివారం నుంచి నేను వచ్చింది ఆ తిట్ల కోసమే."

ఆమెకి నవ్వు రాబోయి మధ్యలో ఆగిపోయింది. "నాకు పిల్లలు పుట్టరు."

"తెలుసు."

"మళ్లీ ఏదో నీడ కనపడిందంట. ఎన్నాళ్లుంటానో నాకే తెలీదు."

అతను గేటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. ఇది అతనికి తెలియదు. "భయమేస్తోంది," అన్నాడు చివరికి. "ఆస్పత్రి వాసనకే కడుపులో తిప్పేస్తుంది నాకు. మా అమ్మయితే మళ్లీ ఆ గుమ్మం తొక్కొద్దని కాళ్లావేళ్లా పడుతోంది."

"మరి ఆవిడ మాట వినండి."

"ఇంట్లో కూర్చున్నా భయపడేదే కదండీ. ఆ భయమేదో మీ పక్కన కూర్చుని పడతాను."

దూరంగా కొత్త విద్యార్థిని హెల్మెట్ పెట్టుకుని, ఎందుకు ఆలస్యమో తెలియక చూస్తోంది.

"బుధవారం రమ్మన్నారు. పొద్దున్నే రావాలి," అంది ఆమె, స్కూటరు వైపు తిరుగుతూ.

ముక్క తీశారు. ఫలితం చెప్పే రోజు వరుస కుర్చీల్లో ఒకవైపు నాన్న, ఒకవైపు అతను కూర్చున్నారు. అతను నిజంగానే రెండుసార్లు బయటికి పరిగెత్తి వాంతి చేసుకుని వచ్చాడు. రెండోసారి తిరిగొస్తుంటే వెనక వాళ్ల అమ్మ ఉంది. ఆవిడ ఎవరినీ చూడకుండా వచ్చి ఆమె పక్కన, కొడుకు వదిలిన కుర్చీలో కూర్చుంది.

"ఈ కుర్చీల్లో మళ్లీ కూర్చోనని ఒట్టు పెట్టుకున్నాను," అంది ఎదురుగోడతో మాట్లాడుతున్నట్టు.

"మరెందుకొచ్చారు ఆంటీ?"

"నీ మీద కోపంతోనే రావద్దనుకున్నాను. నా కూతురు పోయింది, నువ్వున్నావు. పాపిష్టి ఆలోచన, కానీ వచ్చింది. రెండు రోజులు అదే ఆలోచించాను." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తర్వాత నువ్వు మీ నాన్నతో ఒక్కదానివే ఈ గదుల్లో తిరుగుతావని గుర్తొచ్చింది. ఇంట్లో ఉండలేకపోయాను."

నర్సు తలుపు తీసింది. "పేషెంటుతో ఒకరే రండి. ఆడవాళ్లయితే మంచిది, లోపల డాక్టరు పరీక్ష చేస్తారు. మీరేమవుతారమ్మా?"

"అత్తగారిని," అంది ఆవిడ లేస్తూ. "రా అమ్మా. ఆంటీ గీంటీ అని లోపల పరువు తియ్యకు."

అతను వెళ్లి నాన్న పక్కన కూర్చున్నాడు.

లోపల మంచి మాటలేమీ లేవు. జబ్బు తిరిగొచ్చింది. చిన్నదే, త్వరగా దొరికింది, మందులకి లొంగే అవకాశం ఉంది, పూచీ మాత్రం లేదు. జుట్టు పోతుంది, నోరు పూస్తుంది, చాలా రోజులు మంచం దిగడం కష్టం. డాక్టరు చెబుతున్నంతసేపూ ఆవిడ ఆమె చెయ్యి వదల్లేదు. అడగాల్సినవి ఆవిడే అడిగింది. ఏ మందు తర్వాత ఏమవుతుందో ఆవిడకి ముందే తెలుసు. అలా తెలిసి ఉండడం ఎంత కష్టమో ఆమెకి ఆ చేతి బిగువులో అర్థమైంది.

బయటికి రాగానే నాన్న లేచాడు. ఆమె మొహం చూసి మళ్లీ కూర్చున్నాడు. కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టి, ఆపలేదు.

"మళ్లీ మొదలు," అంది ఆమె అతనితో. "ఇప్పుడైనా వెళ్లిపోవచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు."

"పెళ్లి చేసుకుందాం."

"వైద్యం అయ్యాక చూద్దాం."

"ఇప్పుడే."

"గుండుతో పీటల మీద కూర్చోమంటారా?"

"నేనూ చేయించుకుంటాను."

"ఆ తలకాయకి గుండొకటా? చూడలేక ఛస్తాను."

ఆ మాట నోటివెంట వచ్చాక అందరూ ఒక్క క్షణం బిగుసుకుపోయారు. ముందుగా నవ్వింది నాన్న. నవ్వుతూనే ఏడ్చాడు. పెద్దావిడ ఆయన పక్కన కూర్చుని, "అన్నయ్యగారూ, వీళ్లిద్దరూ ఇలాగే తగువులాడుకుంటారు. ముహూర్తం సంగతి మనం చూసుకుందాం. వచ్చే వారం మందు ఎక్కించకముందే అయిపోవాలి," అంది.

వాళ్లు మాట్లాడుకునేంతసేపూ ఆమె ఎదురు కుర్చీలో కూర్చుంది. కుర్చీ చేతిని పట్టుకుని లేవబోతే అతను చెయ్యి ఇచ్చాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని లేచింది.

"పద," అంది.

ఆ మాట చివర 'అండి' లేదన్న సంగతి అతనికి వరండా దాటి మెట్ల దగ్గరికి వచ్చాక గానీ తట్టలేదు.