ఎముకలో పట్టు

ఆ ఉదయం డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును లైటు పెట్టెకి తగిలించి చూపించాడు. ఎనిమిదేళ్ల కిందట నా మోకాలికి పెట్టిన ఇనుప కీలు తెల్లగా మెరుస్తోంది. దాని చుట్టూ సన్నగా నల్లటి సందు.

“ఎముకను తినేసింది పెద్దమ్మా.”

“ఎవరు నాయనా తిన్నది?”

“అమ్మా, కాసేపు నోరు మూసుకుంటావా?” అంది నా కూతురు.

“ఫిల్ములో కనబడేది సగమే. కీలు పీకి, వేలు పెట్టి చూస్తేగానీ ఎముక ఎంత మిగిలిందో తెలీదు. పట్టు దొరికితే కొత్త కీలు బిగిస్తాను. దొరక్కపోతే కాలు తీసేయడమే,” అన్నాడు డాక్టరు.

సంతకం పెట్టమని ఇచ్చిన కాగితంలోనూ ఆ మాటే ఉంది. కూడబలుక్కుని చదివాను. కా... లు... తీ... సి... వే... త. ఈ వయసులో అక్షరాలు నేర్చుకున్నది ఇందుకా అనిపించింది. సంతకం పెట్టాను.

వెన్నులో సూది వేశారు. నడుం కింద నేనే లేను. మెలకువ మాత్రం ఉంది. నా మొహానికీ కాలికీ మధ్య ఆకుపచ్చ గుడ్డ కట్టారు. దాని అవతల సుత్తి చప్పుడు. ఇనుము వాసన, దాని వెనకే ఎందుకో తడిమట్టి వాసన. కీలు ఊడొచ్చి పళ్లెంలో ఠంగుమంది.

“ఇంత తేలిగ్గానా? మా ఇంటి తలుపు గడియే నయం,” అంది నర్సు. ఎవరో నవ్వారు.

డాక్టరు వేలితో తడిమి చూస్తున్నాడు. “లోపలి గోడ పోయింది... వెనక గోడా పోయింది... ఇంకా కిందికి పోతోంది...”

నర్సు అడిగింది.

“పట్టు ఉందా సార్?”

“ఉంది.” ఆయన గొంతు సన్నబడింది. “నా వేలు పట్టుకుంది.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

“వదులు...” గుడ్డ అవతల గుసగుస. “వదులు...”

“ఎవరితో నాయనా?”

నడుం కింద ఏమీ తెలియదన్నారు. కానీ తెలిసింది... ఎముక లోపల ఏదో బిగుసుకుంటోంది. మెల్లగా. కసిగా. మొండికేసిన చంటిపిల్ల పిడికిలిలా.

పుటుక్కుమంది.

డాక్టరు అరవలేదు. “కొత్త కీలు ఇవ్వండి. త్వరగా. దాన్ని మూసెయ్యాలి.”

కాలు నిలిచింది. నెల తర్వాత మళ్లీ ఫిల్ము తీశారు. నల్ల సందు లేదు. ఎముక నిండుగా ఉంది. దానికి అడ్డంగా ఒక గీత.

“విరిగిందా?” అంది కూతురు.

“కాదమ్మా. ఎదిగే పిల్లల ఎముకల్లో ఉండే గీత అది.” కట్టు కట్టిన వేలిని జేబులో దాచుకుని, నా మోకాలికేసి చూస్తూ ఆయన వెనక్కి జరిగాడు. “మీ అమ్మకి ఉండకూడదు.”

ఇంటికొచ్చాను. వారం తిరక్కుండానే ఆ కాలికి చెప్పు చిన్నదైపోయింది.