నవ్వు షాట్

అరకులో ఆ పూట ఎండ కాసినట్టే కాసి మానేసింది. కాఫీ తోటల మధ్య పాత బంగ్లా ముందు షూటింగు సామాను దించుతున్నారు. సర్వేశ్వరరావుగారు సిల్వర్ ఓక్ చెట్టు కింద కుర్చీ వేయించుకుని, చుట్టూ ఇంత కాఫీ పండే చోట ఇంత దిక్కుమాలిన కాఫీ ఎలా కాస్తారయ్యా అని ప్రొడక్షన్ కుర్రాళ్ళను సాధిస్తున్నారు. సాధించడం ఆయన హక్కు. ఒకప్పుడు ఆయన కిరీటం పెట్టుకుని తెర మీద ఒక్క నవ్వు నవ్వితే హాలంతా ఈలలు. ఆ ఈలలు వేసినవాళ్ళలో సగం మంది పోయారు, మిగతావాళ్ళు టీవీ సీరియళ్ళు చూసుకుంటున్నారు.

ఆయన చేసిన చివరి సినిమా ఊసు ఎవరూ ఎత్తరు. అందులో పాపం ఆయనకి కోతి తోక తగిలించి, మనవరాలి వయసు పిల్ల వెనక గంతులు వేయించారు. ఆ దెబ్బతో ఇంట్లో కూర్చుండిపోయారు. "అదే నా ఆఖరి వేషం అయిపోతుందేమోరా" అని తన మేకప్ మనిషి పోతురాజు దగ్గర వాపోని రోజు లేదు. అందుకే కుర్ర డైరెక్టరు జగదీష్ ఇంటికొచ్చి, చనిపోయే తండ్రి పాత్ర, పోయే ముందు దూరాన ఉన్న కూతురితో ఫోన్లో పేజీడు మాటలు ఉంటాయి అనగానే, సొంత కూతురు గాయత్రి వద్దంటున్నా వినకుండా ఒప్పేసుకున్నారు. అరకు వచ్చే రైలు సొరంగంలో దూరినప్పుడల్లా ఆ చీకట్లో మొదటి మాట గొణుక్కుంటూనే వచ్చారు. "తలుపు తీసి ఉంచమ్మా... నేను వచ్చేస్తున్నాను."

జగదీష్ చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"సార్, చిన్న మార్పు. ఆ మాటల సీను తీసేశామండి. కథ శవంతోనే మొదలెడుతున్నాం. తర్వాతంతా కామెడీ."

"మరి నేను?"

"మీరు చాప మీద పడుకుంటే చాలు సార్."

కుర్చీ తన్నేసి వెళ్ళిపోదామనుకున్నారు. వెళ్ళిపోతే మిగిలేది ఆ కోతి తోకే.

"సరే, పడుకుంటాను," అన్నారు. "ఎలా పడుకుంటానో చూద్దురుగాని."

వరండాలో చాప పరిచారు. పోతురాజు ఆయన ముఖానికి పసుపు తెలుపు కలిపి పూశాడు. నుదుట రూపాయి బిళ్ళ అంటించి, ముక్కులో దూది పెట్టి, రెండు కాలి బొటనవేళ్ళూ కలిపి తెల్ల దారంతో కట్టాడు. తల దగ్గర దీపం, చుట్టూ బంతిపూలు. ఏడవడానికి పక్క ఊరి ఆడవాళ్ళను పిలిపించారు. అందరూ కళ్ళలో గ్లిజరిన్ వేయించుకున్నారు గానీ, సోములమ్మ అనే ముసలామె మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది.

"బతికున్నోడి కాడ ఏడుపేటి బాబూ? నానేడవను. ఊరికే కూకుంటాను."

ఆ మాట ఆయన్ని గుచ్చింది. నీచేత కూడా ఏడిపిస్తాను చూడు అనుకుని కళ్ళు మూసుకున్నారు.

"యాక్షన్" అన్నాక ఆయన నిజంగానే నటించారు. ముందు ఊపిరి సన్నగా చేశారు. తర్వాత వేళ్ళు వదిలేశారు. చాప కిందినుంచి చలి వీపులోకి ఎక్కింది. బంతిపూల వాసన, ఆముదం దీపం వాసన, దూది వెనక తడి మన్ను వాసన. ఏడుపులు దూరంగా, గోడ అవతల ఎవరో పాడుకుంటున్నట్టు వినిపించాయి. గాయత్రి ముఖం గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు. పేజీడు మాటల్లో ఒక్కటీ రాలేదు. ఏదీ గుర్తు లేకపోవడం ఎంత హాయిగా ఉందో అనిపించింది ఆయనకి.

ఎక్కడో "కట్" అన్నారు. కళ్ళు తెరిస్తే యూనిట్ యూనిటంతా బిక్కచచ్చి నిలబడి ఉంది. ఆయనకి ఛాతీ ఉప్పొంగింది.

శవం వేషం వేసినవాళ్ళ చేత, లేచే ముందు, అదే చాప మీద, అదే కెమెరా ముందు ఒక నవ్వు నవ్వించడం సినిమావాళ్ళ ఆనవాయితీ. ఆ చావు ఉత్తిదే అని నవ్వి చెప్పాలి. ఆ షాట్ తీశాకే మనిషిని లేపుతారు.

"సార్, ఒక్క నవ్వు," అన్నాడు జగదీష్.

"నవ్వను. ఇంత గొప్పగా చచ్చి చూపించాక పళ్ళికిలించమంటావా? కోతి వేషాలు చాలు నాకు."

"తప్పు బాబూ, నవ్వీయండి," అని పోతురాజు బతిమాలుతూనే ఉన్నాడు. ఆయన విసురుగా లేచి, మెట్లు దిగి, శాలువా కప్పుకుని చెట్టు కింద కుర్చీలో కూర్చున్నారు.

మంచు దిగింది. తోట కనబడటం మానేసింది. అందరూ నెగడు చుట్టూ చేరి చేతులు కాచుకుంటున్నారు. ఎవరు నోరు తెరిచినా తెల్లగా ఆవిరి లేస్తోంది. సర్వేశ్వరరావుగారికి కూర్చోబుద్ధి కాలేదు. లేచి నాలుగడుగులు నడిచారు, మళ్ళీ కూర్చున్నారు. ముక్కులో దూది ఎప్పుడో పీకేశారు. బంతిపూల వాసన మాత్రం పోలేదు. శాలువా దులిపారు. పోలేదు.

సోములమ్మ నెగడు దగ్గర్నుంచి ఆయన్నే చూస్తోంది. మెల్లగా లేచి దగ్గరికొచ్చింది.

"బాబూ... నీకు సలి లేదేటి?"

"ఎందుకు?"

"అందరి నోట్నుంచీ పొగొస్తంది. నీ నోట్నుంచి రాదేటి?"

ఆయన నవ్వేద్దామనుకుని, ఆగి, అరచేతిలోకి గట్టిగా ఊదుకున్నారు. ఏమీ లేదు. మళ్ళీ ఊదారు... వెచ్చగా కూడా లేదు.

అంతలో పోతురాజు వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. చేతిలో తెల్ల దారం.

"బాబుగారూ," అన్నాడు గొంతు తగ్గించి. "కాళ్ళ దారం నేను విప్పడం మరిచిపోయాను. మీరు తెంపారా?"

దారం తెగలేదు. వేసిన ముడి వేసినట్టే ఉంది. చాప మీద దొరికిందట.

"ఆ నవ్వు షాట్ తీయండి," అన్నారు సర్వేశ్వరరావుగారు. ఆయన గొంతు ఆయనకే కొత్తగా ఉంది. "బేగి... బేగి తీయమను."

వెలుతురు పోతోందని సణుగుతూనే జగదీష్ కెమెరా పెట్టించాడు. ఆయన చాప మీద పడుకున్నారు. "యాక్షన్" అనగానే నవ్వారు. ఒకప్పుడు హాళ్ళు దద్దరిల్లిన నవ్వు. పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు. ఎవరూ నవ్వలేదు.

"సార్..." అన్నాడు జగదీష్ చిన్నగా. "నవ్వండి సార్."

"నవ్వాను కదయ్యా!"

జగదీష్ మానిటర్ లోంచి తల ఎత్తలేదు. ఆయనకి ఒళ్ళు మండి, లేచి, గబగబా వెళ్ళి జగదీష్ భుజం మీదినుంచి తొంగి చూశారు.

మానిటర్‌లో చాప. చాప మీద ఆయన. కళ్ళు మూసుకుని, కదలకుండా.

"ఏంటిది? పాతదా?"

జగదీష్ వినిపించుకోలేదు. "ఒక్కసారి సార్... ప్లీజ్... నవ్వండి," అంటున్నాడు. వరండా వైపు చూసి అంటున్నాడు.

మానిటర్‌లో పెదవులు కదిలాయి. మెల్లగా విచ్చుకున్నాయి. నవ్వు... ఆయన నవ్వే. నోట్లోంచి తెల్లగా, వెచ్చగా, ఆవిరి లేచింది.

"ఓకే! పేకప్!"

చప్పట్లు. హమ్మయ్య అన్న మాటలు. సర్వేశ్వరరావుగారు తల తిప్పి చూశారు. చాప మీద మనిషి లేచి కూర్చున్నాడు. పోతురాజు ఏడుస్తూ, నవ్వుతూ, ఆ మనిషి భుజాల మీద శాలువా కప్పుతున్నాడు. అదే శాలువా. ఈయన భుజాలు తడుముకున్నారు. శాలువా లేదు.

"పోతురాజూ! నేనిక్కడున్నానురా!"

నెగడు చిటపటలాడింది. అంతే.

ఆ మనిషి రెండు పాదాలూ కలిపి, చిన్న చిన్న గంతులు వేస్తూ మెట్లు దిగాడు. "కాళ్ళు తిమ్మిరెక్కాయా బాబూ?" అంటూ పోతురాజు పట్టుకుని కారు దాకా నడిపించాడు. తోవలోనే ఫోను కలిపి అందించాడు. "గాయత్రమ్మ... ఇందాకట్నుంచి చేస్తున్నారు, మాట్లాడండి."

కారు పక్కనే పరిగెడుతూ, అద్దం మీద కొడుతూ ఉన్న సర్వేశ్వరరావుగారికి లోపలి గొంతు స్పష్టంగా వినబడింది. ఎవరూ తీయని ఆ సీను, ఎవరూ అడగని ఆ మాట, ఆయన గొంతుతోనే.

"తలుపు తీసి ఉంచమ్మా... నేను వచ్చేస్తున్నాను."

ఘాట్ రోడ్డు మలుపులో ఎర్ర దీపాలు మంచులో కలిసిపోయాయి. "గాయత్రీ, తలుపు తీయకు" అని ఆయన అరుస్తూనే ఉన్నారు. ఇంకెవరూ తల తిప్పలేదు. సామాను సర్దుకుంటున్నారు.

నెగడు దగ్గర సోములమ్మ మాత్రం ఆయన కళ్ళలోకే చూస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కింద కూలబడి, గుండెలు బాదుకుంటూ ఏడవడం మొదలుపెట్టింది.