మాస్టారి సాక్ష్యం

సువర్ణని సాలమోను మాస్టారు మొదటిసారి చూసింది ఆమె మూర్ఛ వచ్చి పడిపోయినప్పుడు. కొత్తపేట మందిరంలో పాట మధ్యలో పక్కకి ఒరిగింది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు దూరం జరిగారు. తల గచ్చుకి తగలకుండా అతనే చెయ్యి అడ్డం పెట్టాడు.

తెలివొచ్చాక ఆమె మెల్లిగా అడిగింది.

"నా ఓణీ సరిగ్గా ఉందాండీ?"

"ఉందండీ."

"చూసేరా?"

"లేదండీ!"

"చూడకుండా ఉందని ఎలా చెప్పేరు?"

అలాంటి చోట ఎవరూ ప్రేమలో పడరు. అతను పడ్డాడు.

అమలాపురం డాక్టరు రాసిన మాత్రలతో ఏడాదిపాటు మూర్ఛ రాలేదు. సువర్ణ టైపు నేర్చుకుంది. మాస్టారు ఎదురైతే నవ్వింది. 1980 వానల్లో స్వస్థత కూటాలు వచ్చాయి. బయటి ఊరి బోధకుడు ఆమె తలమీద చెయ్యి పెట్టి బాగైపోయిందన్నాడు. ఇక మాత్ర మింగితే దేవుణ్ణి నమ్మనట్టే అన్నాడు. ఆమె మానేసింది. ఆఖరి రోజు ఆమె లేచి, దేవుడు బాగుచేశాడని అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. చెప్పించి ఆయన బస్సెక్కుతాడు. తర్వాత శవం లేస్తే మోసేది ఊరివాళ్ళే.

ఆ రోజు మందిరం వరండాలో వాన జల్లుకి తడుస్తూ సాలమోను ఆమెని ఆపాడు.

"మాత్ర వేసుకోండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"పట్టుకోండి. మావయ్య చూసి మీ ఉద్యోగం ఊడగొడతాడు."

మావయ్య పాపారావు సంఘ పెద్ద. సాలమోను పాఠాలు చెప్పే మిషను బడి ఆయన చేతిలోనే ఉంది.

"మీకు అద్భుతాల మీద నమ్మకం లేదాండీ?" అంది.

"ఉందండి. హిజ్కియా రాజుని బాగు చేస్తానని దేవుడే అన్నాడు. అయినా యెషయా ప్రవక్త పుండుకి అంజూరపు పళ్ళ ముద్ద కట్టమన్నాడు కదండీ. మందు కట్టించుకున్నందుకు రాజుకి విశ్వాసం లేదని ఎవరైనా అన్నారా?"

ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఈ మాట లోపల లేచి చెప్పగలరా?"

అతను గుమ్మంలోంచి లోపల కూర్చున్న పాపారావు వైపు చూశాడు.

"భయం కదూ?"

"ఆయ్. భయమేనండి."

"నాకూ భయమేనండి. పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలోంచి దానంతటదే ఎగిరిపడింది. మళ్ళీ మాత్ర ముట్టుకుంటే మా అమ్మ తలెత్తుకు తిరగలేదు." అని లోపలికి వెళ్ళిపోయింది.

ఎగిరిపడిన గ్లాసు సంగతి విన్నాక అతనూ ఆమె వెనకే లోపలికి వెళ్ళాడు. మొదటిసారి మూర్ఛ రావడానికి ముందు రోజు కూడా అలాగే జరిగిందని సువర్ణే ఒకసారి చెప్పింది.

బోధకుడు సువర్ణ పేరు పిలిచాడు. ఆమె లేచింది. ఆమెకంటే ముందు సాలమోను గొంతు లేచింది.

"నేను సాక్ష్యం చెబుతానండి."

లేచినవాణ్ణి మధ్యలో ఆపకూడదు. ఆ మందిరం కట్టుబాటు అది.

"నాకు ఏ అద్భుతమూ జరగలేదండి. నాకు భయంగా ఉంది. అదే నా సాక్ష్యం." హిజ్కియా సంగతి చెప్పాడు. గ్లాసు సంగతీ చెప్పాడు. "మాత్ర మానేస్తే ఈవిడ చచ్చిపోతుందండి."

"చస్తే నీకెందుకయ్యా?" పాపారావు అరిచాడు.

"పెళ్ళి చేసుకుందామనండి."

ఆడవాళ్ళ వైపు నవ్వులు రేగాయి. పాపారావు మీదికి రాబోయాడు. సువర్ణ తల్లి సత్తెమ్మ అడ్డం లేచింది.

"అన్నయ్యా, సాక్ష్యం మధ్యలో మాట్లాడకూడదు. కూర్చో."

రొంటిన దోపుకున్న పొట్లం తీసింది. అందులో మాత్రలున్నాయి.

"పారెయ్యమన్నారు. చేతులు రాలేదే తల్లీ."

సువర్ణ కళ్ళు తుడుచుకుని, అందరి ముందే మింగింది. బోధకుడు "అవిశ్వాసం" అన్నాడు. అని బస్సు టైము చూసుకున్నాడు. పాపారావు మొహం తిప్పుకున్నాడు. చచ్చేదాకా తిప్పుకునే ఉన్నాడు. అలాంటివాడికి మొహం ఉండి ఏం లాభం?

"అమ్మాయిని ఇంటిదాకా తీసుకురా బాబూ," అని సత్తెమ్మ ముందు నడిచింది.

కాలవగట్టు బురదగా ఉంది. నీళ్ళు గట్టు అంచుదాకా ఉన్నాయి. మాత్ర వెంటనే పనిచెయ్యదని, మళ్ళీ కుదురుకోవడానికి కొన్నాళ్ళు పడుతుందని సాలమోనుకి తెలుసు. ఆమె వేసే ప్రతి అడుగూ చూస్తున్నాడు.

"భయం తగ్గిందాండీ?"

"లేదండి."

"నాకూను."

నాలుగడుగులు వేసి ఆమె ఆగింది. అతని చెయ్యి పట్టుకుని తనకీ నీళ్ళకీ మధ్యకి లాగింది.

"మీరు కాలవ వైపు నడవండి."