తీగకు గుచ్చిన కార్డు

2064లో కాగితం ముట్టుకోవాలంటే ముందు చేతులు కడుక్కోవాలి, తొడుగులు వేసుకోవాలి, అద్దాల గదిలో కూర్చోవాలి. ఒకప్పుడు అదే కాగితంలో పకోడీలు కట్టించుకుని తిన్నవాళ్లం మనం! కాకినాడలోని పత్ర సంరక్షణశాలలో ఆ ఉదయం ఎనభై నాలుగేళ్ల హైమావతి ఆ తతంగమంతా సణుక్కుంటూనే పూర్తిచేసి కూర్చుంది. ఎదురుగా వాళ్లమ్మ దాచిన పోస్టుకార్డులు. ఆ రోజుల్లో చదివేసిన ఉత్తరాలను వంచిన ఇనపతీగకు గుచ్చి గోడకు వేలాడదీసేవారు. తీగ తుప్పుపట్టింది, కార్డులు చెమ్మకు అట్టకట్టిపోయాయి.

శాస్త్రవేత్త సంహిత రెండు రోజులు ఆవిరి పట్టించి వాటిని విడదీసింది. మొత్తం 212. ఇక స్పర్శదర్శిని పని. కాగితాన్ని తాకిన ప్రతి చెయ్యీ దానిమీద సన్నటి చెమట పొర వదులుతుంది. ఈ యంత్రం మాలిక్యులర్ స్కాన్‌తో ఆ పొరలు విప్పి, తాకింది ఎవరో, ఎప్పుడో, ఎన్నిసార్లో చెబుతుంది. పోల్చుకోవడానికి సంహిత హైమావతి వేలిముద్రలు ముందే తీసి దానికిచ్చింది.

హైమావతికి కావలసింది ఒక్కటే రుజువు. 1985లో అమ్మమ్మ చావుబతుకుల్లో ఉన్నప్పుడు మేనమామ ఉత్తరం రాయలేదని. అమ్మకు ఆఖరిచూపు దక్కలేదు. ఆయన మాత్రం రాశాననే చచ్చేదాకా వాదించాడు. రెండిళ్ల మధ్య రాకపోకలు తెగిపోయాయి. ఇప్పుడు ఆయన కూతురు వేదవతిని హైమావతే పిలిపించింది, మర్నాడు వస్తుంది. మీ నాన్న అబద్ధాలకోరని మొహానే చెప్పాలి. ఎన్నేళ్ల కసి అది!

అట్టడుగు కార్డు దగ్గర సంహిత ఆగిపోయింది. మేనమామ దస్తూరీ. "అమ్మ నిన్నే కలవరిస్తోంది. వెంటనే బయలుదేరి రావలెను."

హైమావతి కార్డు లాక్కుని మళ్లీ చదివింది. ఉత్తరం అందితే అమ్మ ఎందుకు వెళ్లలేదని యంత్రాన్నే అడిగింది.

"పోస్టుమేన్ తర్వాత మొదట తాకింది అయిదేళ్ల పాప," అంది స్పర్శదర్శిని. "తీగకు గుచ్చింది కూడా ఆ వేళ్లే. బొటనవేలి గీతలు మీవి. అప్పటికి మీ అమ్మగారి చెయ్యి దీనిమీద పడలేదు."

పోస్టుమేన్ ఇచ్చిన కార్డులు టకటకా తీగకు గుచ్చెయ్యడం ఆ వయసులో తనకు ఆట. అమ్మ కోప్పడటం గుర్తుంది. ఈ కార్డు మాత్రం గుర్తులేదు.

"అమ్మగారు చూసింది పన్నెండు రోజుల తర్వాత," యంత్రం కొనసాగించింది. "ఆపైన ముప్పై ఒక్క ఏళ్లు, ఏటా ఒకసారి."

"తెలిసీ అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు," అంది హైమావతి. "నాకోసం తోడబుట్టినవాణ్ణి వదులుకుంది."

తొడుగులు ఊడబీకి, వట్టి చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. సంహిత మంచినీళ్లు తేవడానికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి ఆవిడ సంచి గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. వేదవతి వస్తే ఏమీ తేలలేదని చెప్పమంది. సంహిత మొహం చూడకుండానే వెళ్లిపోయింది.

బల్లమీద ఆ కార్డు లేదు. సంహిత గుమ్మం దాకా వెళ్లి, పిలవబోయి, ఆగిపోయింది.

"ఒక కార్డు తగ్గింది," అంది యంత్రం. "బల్లమీద తొడుగు లేని వేళ్ల గుర్తులు..."

"ముందునుంచీ 211 మాత్రమే," అంది సంహిత. "లెక్క నువ్వే తప్పావు."

లెక్క తప్పడం స్పర్శదర్శినికి చేతకాని పని. జవాబుకు రోజూకన్నా కాస్త ఎక్కువసేపే తీసుకుంది.

"అవునండీ, 211," అంది. "నా రికార్డులోంచి ఆ పాప వేలిముద్రలు కూడా తుడిచెయ్యనా?"