ఇరవై సెకన్ల నిశ్శబ్దం

లిఫ్ట్ రావట్లేదు.

తూనీగ బటన్ మీద మళ్లీ కొడుతుంది. రాదు...

వెనక, పార్కింగ్‌లో బూట్ల చప్పుడు. తొందర లేని బూట్లు.

"ఆగమ్మాయ్. స్కూటర్ దగ్గరే మాట్లాడుకునేవాళ్లం కదా. ఎందుకీ పరుగు?"

ఆ గొంతు ఆమెకు తెలుసు. నైట్‌క్లబ్ ఓనర్. ఈ రేడియో స్టేషన్‌లో సగం వాటా కూడా అతనిదే.

అతని చేతిలో తుపాకి ఉంది.

ఆమె మెట్లెక్కుతుంది. రెండేసి మెట్లు. మూడేసి మెట్లు.

పైన నాలుగో అంతస్తులో ఆమె షో నడుస్తూనే ఉంది. రాత్రి పది నుంచి ఒంటిగంట దాకా ఎలక్ట్రానిక్ మ్యూజిక్. తూనీగ అన్నది మైక్ ముందు పేరు. ఇప్పుడు ఇంట్లో కూడా అదే.

ప్రతి ఆర్జేకీ ఒక పొడుగు పాట ఉంటుంది. టాయ్‌లెట్‌కి వెళ్లాలన్నా, టీ తాగాలన్నా అదే దిక్కు. ఆమెది పదకొండు నిమిషాలు. దాన్ని పెట్టి, స్కూటర్ డిక్కీలో మరిచిన హెడ్‌ఫోన్స్ కోసం కిందికి దిగింది.

ఇంకా నాలుగు నిమిషాలుంది.

మూడో అంతస్తు. గుండె నిమిషానికి నూట నలభై బీట్లు. ఇప్పుడు కూడా లెక్కపెడుతోంది. బాబాయ్ అంటించిన జబ్బు.

బాబాయ్...

ఊళ్లో మొదటి డీజే. బీట్ పట్టాలెక్కితే ఆగదని అందరూ గూడ్సుబండి అనేవాళ్లు. పదిహేనేళ్ల వయసులో ఆమె ఆయన రికార్డుల పెట్టె మోసింది. ఇరవైకి పక్కన నిలబడి మిక్స్ చేసింది. తొమ్మిదేళ్ల కిందట ఆయనే ఈ షో ఆమె చేతిలో పెట్టాడు. ఒకే ఒక్క రూలుతో.

"గాలిలో గ్యాప్ వదలకే. వినేవాడు ఒంటరైపోతాడు."

మూడు వారాల కిందట ఆయన ఈ బిల్డింగ్ పైనుంచే పడి చనిపోయాడు. కాలు జారింది అన్నారు.

నాలుగో అంతస్తు. ఊడ్చే ఆవిడ కారిడార్ లైటు వేసే వెళ్లింది. 'చీకట్లో ఒక్కదానివే ఉంటావమ్మా' అంటూ రోజూ అలాగే చేస్తుంది. ఆ లైటే లేకపోతే ఇప్పుడు తుడిచే బకెట్ తన్నుకుని పడేది.

స్టూడియోలోకి దూరి తలుపు మూస్తుంది. లాక్ పడుతుంది. ఎర్ర లైటు.

బీప్...

పచ్చ లైటు.

సగం వాటాదారు కార్డుకి ఇక్కడ తెరుచుకోని తలుపు లేదు.

అతను లోపలికి వచ్చి ముందు మైక్ వైరు పీకేస్తాడు. ఆమె ఫోన్ లాక్కుని జేబులో వేసుకుంటాడు.

"మైక్ ఆన్ చేసి నాచేత వాగిద్దామనుకున్నావా? సినిమాలు నేనూ చూస్తానమ్మాయ్."

"ఏం కావాలి సార్?"

"పెన్‌డ్రైవ్."

"ఏ పెన్‌డ్రైవ్?"

చెంప పగులుతుంది. ఆమె కుర్చీలో పడుతుంది.

"నా క్లబ్ తగలబడ్డ రోజు వాయించింది మీ బాబాయే కదా? ఆ సెట్ రికార్డింగ్."

డీజే తన సెట్ ప్రతిదీ రికార్డు చేసుకుంటాడు. ఇంటికెళ్లి తప్పులు వినడానికి. ఆ రోజు డీజే గదిలో మైక్ కూడా ఆన్‌లో ఉంది. ఆ రోజు వెనక తలుపు దగ్గర పదకొండు మంది చచ్చిపోయారు. తలుపు బిగుసుకుపోయింది అని ఓనర్ ఏడుస్తూ చెప్పాడు.

"దాన్లో నా గొంతుంది. మీ వాడు పోలీసులకి ఒక కాపీ ఇచ్చాడు. వాళ్లే నాకు ఫోన్ చేశారు. 'మా దగ్గరున్న కాపీ పోయింది సార్, అసలుది మీరే చూసుకోండి' అని."

"అందుకని తోసేశారా?"

"మర్యాదగానే అడిగాను. నీకిచ్చినంత టైమే ఇచ్చాను."

స్క్రీన్ మీద అంకెలు దిగుతున్నాయి. ఒక నిమిషం పది సెకన్లు.

"నాకు నిజంగా తెలీదు సార్."

"ఆఖరి రోజు ఆయన తిరిగిన చోటల్లా వెతికించాను. ఇల్లు. క్లబ్. చివరికి కొండ మీద ట్రాన్స్‌మిటర్ గది కూడా. అక్కడేం పనో ముసలాడికి."

తూనీగ చూపు స్క్రీన్ మీదికి పోతుంది.

కొండ మీదికి బాబాయ్ ఒక్క పనికే వెళ్లేవాడు. ఎమర్జెన్సీ రికార్డింగ్ మార్చడానికి.

స్టూడియో నుంచి ఇరవై సెకన్లు ఏ చప్పుడూ వెళ్లకపోతే, కొండ మీది మెషీన్ తనంతట తానే ఆ రికార్డింగ్‌ని ఊరికి వినిపిస్తుంది. దాన్ని ఇంతవరకూ ఎవరూ వినలేదు. ఈ స్టేషన్‌లో ఎవరూ ఇరవై సెకన్లు ఊరుకోలేదు.

"పాట అయిపోతోంది సార్. ఇంకోటి పెట్టాలి."

"పెట్టు. పాట వస్తుంటే నువ్వు బాగానే ఉన్నట్టు. తెలివితేటలు చూపించావో..."

తుపాకి మెడకు ఆనుతుంది. చల్లగా.

తర్వాతి పాటను డీజే ముందుగా తానొక్కడే వినాలి. దానికో బటన్ ఉంటుంది. రోజూ హెడ్‌ఫోన్స్‌లో వింటుంది. ఇవాళ గది స్పీకర్లలోకి తిప్పుతుంది.

గది దద్దరిల్లుతుంది.

ఎడమ చేత్తో ఊరికి వెళ్లే సౌండ్ మీటని, ఫేడర్‌ని, కిందికి దించుతుంది. నిద్రపోయిన పిల్లాడి గుప్పిట్లోంచి బొమ్మ తీసినంత మెల్లగా.

గదిలో పాట. గాలిలో ఏమీ లేదు.

నిమిషానికి నూట ఇరవై బీట్లు. ఇరవై సెకన్లంటే నలభై.

ఒకటి... రెండు...

"మంచి పాట," అంటాడు ఓనర్. "ఐదు దాకా లెక్కపెడతాను. ఒకటి."

పద్దెనిమిది... పంతొమ్మిది...

"రెండు."

ముప్ఫై ఒకటి...

"మూడు."

నలభై.

గదిలో ఏమీ మారదు. ఊరికి ఏం వినిపిస్తోందో తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆమెకి తెలీదు.

"నాలు..."

అతని ఫోన్ మోగుతుంది. కట్ చేస్తాడు. మళ్లీ మోగుతుంది. స్పీకర్ నొక్కుతాడు.

"ఏంట్రా?"

కింద వీధిలో కారులో ఉన్న డ్రైవర్. "సార్... రేడియోలో మీరు మాట్లాడుతున్నారు సార్."

"తాగావా?"

డ్రైవర్ ఫోన్‌ని కారు రేడియో దగ్గర పెడతాడు.

గరగర. బీట్. దాని మీద ఓనర్ గొంతు...

"వెనక తలుపుకి తాళం వెయ్. టికెట్ లేని వెధవలు దూరుతున్నారు."

"సార్, పొగ వస్తోంది సార్."

"స్టేజీ మీది పొగ మెషీన్‌దిరా. తాళం వెయ్. ఏం కాదు."

ఫోన్ వింటూ ఓనర్ తుపాకిని ఆమె మెడ నుంచి దించాడు. అది మళ్లీ ఆమె వైపు తిరుగుతుంది.

అప్పటికే ఆమె టేబుల్ కింద ఉంది.

ఢాం!

కన్సోల్ పగిలి నిప్పురవ్వలు రాలతాయి. గదిలో పాట చచ్చిపోతుంది. ఫోన్‌లో అతని గొంతు మాత్రం ఆగదు. ఇక్కడ కాలిస్తే కొండ మీది మెషీన్‌కి తగలదు.

ఫోన్ జారి నేల మీద పడుతుంది. అతను ముందువైపు మెట్ల మీదుగా కారు కోసం పరిగెడతాడు.

"అమ్మా..." నేల మీది ఫోన్ పిలుస్తుంది. "ఉన్నారా? నేను డ్రైవర్‌ని."

"ఉన్నానన్నా."

"పార్కింగ్ షట్టర్ దించి తాళం వేశాను. మీరు వెనక మెట్ల మీంచి రండి. ఆ తలుపు పట్టుకుని నిలబడతాను."

ఆమె దిగుతుంది. చీకటి మెట్లు. చెప్పులు ఎక్కడ పోయాయో తెలీదు. కింద షట్టర్ మీద బాదుడు... ఆగింది. బూట్లు ఇటే వస్తున్నాయి. ఇప్పుడు తొందరగా!

తలుపు సందులోంచి ఒక చెయ్యి ఆమెను బయటికి లాగుతుంది.

ఇనప తలుపు మూసుకుంటుంది. గడియ పడుతుంది.

"మా తమ్ముడు ఆ క్లబ్‌లో గ్లాసులు కడిగేవాడమ్మా," అంటాడు డ్రైవర్. తన చెప్పులు విడిచి ఆమె కాళ్ల ముందు పెడతాడు. "గాజుపెంకులున్నాయి. వేసుకోండి."

లోపల నుంచి పిడిగుద్దులు. "తియ్యరా... నేనురా!"

అలవాటుగా ఆమె లెక్కపెడుతుంది. బీట్ కుదరట్లేదు.

లోపల తుపాకి పేలుతుంది. ఇనప తలుపు మీద చిన్న బొడిపె లేస్తుంది. అంతే.

డ్రైవర్ కారు దాకా నడిచి రేడియో సౌండ్ పెంచుతాడు. రికార్డింగ్ మళ్లీ మొదటికి వచ్చింది.

"తాళం వెయ్," అంటున్నాడు ఓనర్, ఊరందరికీ వినపడేలా. "ఏం కాదు."